పల్లె మెథడిస్ట్ సంఘం చరిత్ర: రిజిస్టర్ల నుంచి బొందలగడ్డ దాకా, ఒక ప్రాజెక్టు డైరీ

వికారాబాద్ వైపు ఒక పల్లె మెథడిస్ట్ సంఘం చరిత్రను కాగితాల్లోంచి ఒక్కొక్కటిగా ఏరి కూర్చే పని ఇది. మీ ఊరి చర్చికి కూడా ఇట్లాంటిది చేద్దామనుకుంటే ఏది పనికొచ్చింది, ఏది ఉత్తగా టైం తినేసింది అన్నది దశలవారీగా రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. కారణం ఐదో దశలో ఉంది.

దశ 1: ముందు ఏ మెథడిస్టో తేల్చుకోవాలి

ఊళ్లో ఎవరినడిగినా ఒకే మాట: "మెదక్ గుడి కట్టించిన దొరనే మన చర్చి కట్టించిండు." మెదక్ కెథడ్రల్ 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది, కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్, ఇందులో ఎవరికీ అనుమానం లేదు. చిక్కు ఏంటంటే ఆయన బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ మనిషి. ఆ మిషన్ దక్షిణాది చర్చిలన్నీ 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ.లో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, కలిసిపోయాయి. మా చర్చి బోర్డు మీద ఇప్పటికీ 'మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా' అని ఉంది, అంటే మాది అమెరికన్ శాఖ. 1870లో ఇండియాకు వచ్చిన విలియం టేలర్ పనిలోంచి దక్షిణాదిలో మొదలైన మెథడిస్ట్ ఎపిస్కోపల్ వాళ్లది. వీళ్లు 1947లో సి.ఎస్.ఐ.లో కలవలేదు, 1970 నవంబరు 29న సి.ఎన్.ఐ. (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) ఏర్పడినప్పుడు అందులోనూ కలవలేదు.

ఇది తేలకుండా వెతుకులాట మొదలుపెడితే తప్పు సముద్రంలో వల వేసినట్టే. వెస్లియన్ మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉంటాయి. అమెరికన్ మెథడిస్ట్ కాగితాలు న్యూజెర్సీ మాడిసన్‌లో, డ్రూ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న చర్చి ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రెండింటి మధ్య ఒక మహాసముద్రం ఉంది. ఊళ్లో మాట మాత్రం రెండింటినీ ఒకే దొర చేతిలో పెట్టేసింది.

మీ చర్చి ఏ శాఖో చూసుకోవడానికి:

1. బోర్డు, సీలు, పాత రశీదు మీద పేరు చదవండి.
2. పాస్టరు గారిని ఎవరు బదిలీ చేస్తారో అడగండి. మెథడిస్ట్ అయితే వార్షిక కాన్ఫరెన్సులో బిషప్ గారు నియామకాలు చదువుతారు, కింద డి.ఎస్. అంటే డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ ఉంటారు. సి.ఎస్.ఐ. అయితే డయోసిస్ మాట వస్తుంది.
3. పెద్దవాళ్లు ఏ జాతరకు పోయేవారో అడగండి. మా వైపు వాళ్లు నవంబరులో ధారూర్ మెథడిస్ట్ జాతరకు బండ్లు కట్టుకుని పోయేవారు. మెదక్ మాట క్రిస్మస్‌కే వచ్చేది.

దీంతో ఇంకో లాభం ఉంది. పేరే తేదీ చెబుతుంది. కాగితం మీద 'మెథడిస్ట్ ఎపిస్కోపల్' అని ఉంటే అది 1939కి ముందుది, ఎందుకంటే ఆ ఏడు అమెరికాలో మూడు మెథడిస్ట్ శాఖలు కలిసి ఎపిస్కోపల్ అన్న ముక్క పేరులోంచి పోయింది. ఆ తర్వాతవి 'మెథడిస్ట్ చర్చ్ ఇన్ సదరన్ ఏషియా'. 'ఇన్ ఇండియా' అని ఉంటే 1981 జనవరి 7 తర్వాతది. తేదీ లేని రశీదుల్ని ఈ లెక్కన మూడు కుప్పలుగా విడగొట్టాను. కాకపోతే పల్లె చర్చిలో లెటర్‌ప్యాడు అయిపోయేదాకా పాతదే వాడతారు, రబ్బరు స్టాంపు అరిగేదాకా అదే కొడతారు. అందుకని ప్రతి హద్దుకూ కొన్నేళ్లు సడలింపు ఇచ్చి పెట్టుకున్నాను.

దశ 2: రిజిస్టర్లను ఫొటో తీయడం

రిజిస్టర్లు చర్చి వెనక గదిలో ఒక ఇనప ట్రంకు పెట్టెలో ఉన్నాయి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు, జమాఖర్చులు. అడుగున ఉన్న జమాఖర్చు పుస్తకానికి ఒక మూల చెదలు తగిలింది, మిగతావాటికి పుస్తకాల పురుగు పట్టింది.

సంఘ పెద్దలు అంతకుముందే ఒక పుస్తకాన్ని జిరాక్స్ షాపులో స్కాన్ చేయించారు. అద్దం మీద బోర్లించి పైనుంచి నొక్కడంతో వెన్ను విరిగి, ఒక కట్ట పేజీలు ఊడి చేతికొచ్చాయి. ఆ స్కాన్‌లోనూ వెన్ను పక్కన ఉండే వరస, అంటే సరిగ్గా తేదీల వరస, నల్లగా పడింది. ఫ్లాట్‌బెడ్ స్కానర్ దగ్గరికి పాత బైండు పుస్తకాన్ని తీసుకుపోవద్దు, అంతే.

ఫోను స్టాండుతో చేశాము. కొలతలు పనికొస్తాయని రాస్తున్నా. పేజీ 33 × 21 సెంటీమీటర్లు, ఫోను కెమెరా 12 మెగాపిక్సెల్, అంటే పొడుగు వైపు 4000 పిక్సెళ్లు. ఒక్క పేజీనే నింపి తీస్తే, అంచులు కొంచెం వదిలినా, అంగుళానికి 280 చుక్కల దాకా వస్తుంది. రెండు పేజీలు కలిపి తీస్తే 220కి పడిపోతుంది. ఆ తేడా మామూలు రాతలో తెలియదు, కానీ సన్నని పాళీతో రాసిన ఒత్తుల దగ్గర తెలుస్తుంది. 'ల్ల'కూ 'ళ్ల'కూ తేడా పోతే ఇంటిపేరే మారిపోతుంది. అందుకని ఒక్కో పేజీనే తీశాము, ఫోను పేజీకి 30 సెంటీమీటర్ల ఎత్తులో.

సిరాల సంగతి వేరే. మూడు రకాలు కనిపించాయి.

పాత నల్ల సిరా కాలంతో గోధుమ రంగుకు తిరిగింది. ఎడిటింగ్ యాప్‌లో రంగుల్ని విడదీసి నీలం చానల్ ఒక్కటే చూస్తే ఆ రాత ముదురుగా పైకి వస్తుంది. పేజీ మీద మరకలు ఎక్కువగా ఉంటే మాత్రం నీలంలో మరక కూడా ముదురుతుంది, అప్పుడు ఎరుపు చానల్‌కు మారాలి. ఊదా రంగు కాపీయింగ్ పెన్సిల్ రాతకు ఆకుపచ్చ చానల్ బాగుంటుంది. ఈ పెన్సిల్ రాత ఉన్న పేజీకి తడి తగలనివ్వకండి. తడి గుడ్డతో దుమ్ము తుడిచారంటే ఊదా రంగు పారి, అక్షరం ఉన్నచోట మచ్చ మిగులుతుంది. మామూలు పెన్సిల్ రాతకు చానళ్లు ఏమీ చేయలేవు. గదిలో లైటు ఆపి, టార్చిని పేజీకి పక్కనుంచి దాదాపు సమంగా పట్టుకుంటే పెన్సిల్ నొక్కిన గాడి నీడలో కనిపిస్తుంది.

చేసిన వరస:

1. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపడం. గుడ్డ వద్దు.
2. పేజీ పక్కన స్కేలు, పేజీ నంబరు చీటీ పెట్టడం.
3. రెండు పక్కల నుంచీ దీపం, ఫ్లాష్ బంద్.
4. అట్ట, ఖాళీ పేజీలు, మధ్యలో దొరికిన చీటీలు కూడా తీయడం. చీటీ ఏ పేజీ మధ్య దొరికిందో ఆ పేజీకే తిరిగి పెట్టడం.
5. ఆ రోజు ఫొటోలు ఆ రోజే రెండు చోట్ల కాపీ చేయడం.

సెల్లోటేపు, లామినేషన్ ముచ్చటే వద్దు. ఒక పెళ్లి పేజీకి ఎవరో ఎప్పుడో టేపు వేశారు, టేపు ఎండి ఊడిపోయింది, దాని జిగురు మాత్రం పెళ్లికూతురి పేరు మీద పసుపుపచ్చ పట్టీలా నిలిచిపోయింది.

ఇప్పటి లెక్క: బాప్తిస్మాలు 96 పేజీలు, పెళ్లిళ్లు 104, భూస్థాపనలు 14, జమాఖర్చు 230. మొత్తం 444 ఫొటోలు.

దశ 3: టైపు చేయడం, తేదీలు తేల్చడం

చేతిరాత తెలుగును చదివి టైపు చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ కోసం కొంతకాలం వెతికాను. అచ్చు తెలుగుకు కొన్ని పర్వాలేదు. ఈ రాతకు మాత్రం వచ్చింది చదివితే నవ్వొస్తుంది. చేత్తోనే టైపు చేయాల్సి వచ్చింది.

ఒక్కడినే ఫొటో చూస్తూ టైపు చేసిన వరసల్లోంచి 50 ఏరి మళ్లీ పోల్చి చూస్తే 9 తేడాలు వచ్చాయి. తర్వాత మా చెల్లి పైకి చదవడం, నేను కొట్టడం అనే పద్ధతికి మారాము. అట్లా చేసిన వాటిలో 50కి 2 తేడాలే. టైం కూడా తగ్గింది. ఇద్దరు దొరికితే ఒక్కరు చేయకండి.

స్ప్రెడ్‌షీటులో ప్రతి విషయానికీ రెండు గడులు పెట్టాము: ఒకటి 'ఉన్నది ఉన్నట్టు', రెండోది 'మేము తేల్చింది'. మొదటి గడిని ఎవరూ ముట్టరు, అక్షరదోషం కూడా దిద్దరు. ఈ ఒక్క నియమం తర్వాత చాలాసార్లు కాపాడింది.

తేదీల దగ్గర పెద్ద తలనొప్పి ఫస్లీ, అంటే భూమి శిస్తు కోసం వాడిన పాత సంవత్సరాల లెక్క. బాప్తిస్మ రిజిస్టరులో ఎక్కువగా ఇంగ్లీషు తేదీలే ఉన్నాయి గానీ, భూమి కాగితాలు, బడి పిల్లల పట్టిక, కొన్ని జమాఖర్చు పేజీలు నిజాం రాజ్యపు ఫస్లీలో ఉన్నాయి. నెట్‌లో దొరికే లెక్కలు ఎక్కువగా మద్రాసు ఫస్లీవి, అది జులై 1న మొదలవుతుంది. హైదరాబాద్ ఫస్లీ అజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. పనికొచ్చే లెక్క ఇది:

1. అజుర్, దై, బహమన్ నెలలైతే ఫస్లీకి 590 కలపాలి. బహమన్ చివర్లో మాత్రం జనవరి వచ్చేస్తుంది, అక్కడ జాగ్రత్త.
2. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి.
3. నెల లేకుండా ఏడు ఒక్కటే ఉంటే రెండు ఇంగ్లీషు ఏళ్లూ రాయాలి, ఒకటి ఎంచుకోవద్దు.

ఉదాహరణకు మా దగ్గర 'షహ్రివర్ 1332' అని ఒక కాగితం ఉంది. షహ్రివర్ అంటే సుమారు జులై. హైదరాబాద్ లెక్కన అది 1923 జులై. మద్రాసు లెక్కలో వేస్తే 1922 జులై వస్తుంది. ఏడాది తేడా చిన్నదే అనిపిస్తుంది, కానీ ఆ ఏడాదిలో పాస్టరు గారు మారితే చర్చి జాగా ఎవరి హయాంలో వచ్చిందన్న మాట మొత్తం తిరగబడుతుంది.

తేదీ లేని పేజీలకు ఇంకో దారి దొరికింది, ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చింది ఇదే. మెథడిస్ట్ పాస్టర్లకు బదిలీలు ఉంటాయి. కాన్ఫరెన్సు అచ్చు వేసే పుస్తకాల్లో ఏ సర్క్యూట్‌కు, అంటే ఒక పాస్టరు కింద ఉండే ఊళ్ల గుంపుకు, ఎవరు అని ఏటేటా పట్టిక ఉంటుంది, పాతవి కొన్ని నెట్‌లో స్కాన్‌లుగా దొరుకుతాయి. రిజిస్టరులో చేతిరాత ఎక్కడ మారిందో గుర్తు పెట్టుకుని ఆ పట్టిక పక్కన పెడితే, ఏ రాత ఏ అయ్యగారిదో చాలావరకు తేలిపోతుంది. ఒకాయన 'శ'ను చివర సున్నా చుట్టినట్టు రాస్తాడు, ఇంకొకాయన నెల పేరు కింద రెండు గీతలు గీస్తాడు. ఆ రెండు గీతల్ని పట్టుకుని తేదీ లేని భూస్థాపన పేజీలు రెండింటిని ఒక అయిదేళ్ల లోపలికి తేగలిగాము.

పెద్దవాళ్లను ఏ సంవత్సరమని అడిగితే లాభం లేదు. "పోలీస్ యాక్షన్ కన్నా ముందా, తర్వాతనా?" అని అడిగితే టక్కున చెబుతారు, అది 1948 సెప్టెంబరు. "రజాకార్లు తిరిగే కాలంల అయ్యగారు రాత్రి మన వాడలనే పండిండు" అంటే అది ఆ ఏడో, దాని ముందు ఏడో. ఇంకా వెనక్కి పోతే 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఒక గుర్తు, మా వైపు నుంచి పట్నం పనికి పోయిన కుటుంబాల్లో ఆ మాట తాతల నుంచి దిగి వచ్చింది.

ఇప్పటి లెక్క: బాప్తిస్మాలు 1,148, పెళ్లిళ్లు 207, భూస్థాపనలు 163. మొత్తం 1,518 వరసలు. తేదీ గట్టిగా తేలినవి 1,291, అనుమానం ఉన్నవి 227.

దశ 4: అంకెలు కలవవు

జమాఖర్చుతో మొదలుపెడతాను. పేజీ అడుగున ఉన్న మొత్తం, మేము కూడిన మొత్తం చాలా చోట్ల కలవలేదు. అణాలకు పైలు కలిపేటప్పుడు జరిగిన పొరపాట్లేమో అని మళ్లీ మళ్లీ కూడాము. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, 1957 ఏప్రిల్ 1న దశాంశ పైసలు వచ్చేదాకా ఇదే. అయినా కలవలేదు. చివరికి తేలిందేంటంటే పుస్తకంలో రెండు రూపాయలు నడుస్తున్నాయి. ఊరి చందా, కోత పండుగ కానుకలు నిజాం హాలీ సిక్కాలో ఉన్నాయి, మిషన్ నుంచి వచ్చే గ్రాంటు కల్దార్‌లో, అంటే బ్రిటిష్ రూపాయిలో ఉంది. 7 హాలీ అంటే 6 కల్దార్. పక్కన సన్నగా 'హా', 'క' అని రాసి ఉన్నాయి, వాటిని మేము మొదట సంతకం పొట్టి అక్షరాలనుకున్నాము. 35 హాలీని 30 కల్దార్‌గా మార్చి కూడితే పేజీలు ఒక్కొక్కటే కలుస్తూ వచ్చాయి.

సభ్యుల సంఖ్య ఇంకో గొడవ. మా బాప్తిస్మ రిజిస్టరులో ఒకే ఏడు డజన్ల కొద్దీ పేర్లు ఉంటాయి, అదే ఏడు కాన్ఫరెన్సు పుస్తకంలో సభ్యుల సంఖ్య చూస్తే పెరిగినట్టే ఉండదు. మిషనరీలు లెక్కలు దాచారనో పెంచారనో అనుకునే ముందు రెండు సంగతులు చూడాలి. మెథడిస్ట్ లెక్కల్లో పూర్తి సభ్యులు వేరు, ప్రొబేషనర్లు వేరు, బాప్తిస్మం పొందిన పిల్లలు వేరు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మనిషి 'సభ్యుల' వరసలోకి ఎక్కడు, కొంతకాలం ప్రొబేషనరుగా ఉండాలి. రెండోది, ఆ పట్టిక సర్క్యూట్‌ది. ఒక సర్క్యూట్ కింద బోలెడు ఊళ్లు ఉంటాయి. మొత్తాన్ని ఊళ్ల సంఖ్యతో భాగించి 'మన సంఘంలో ఇంతమంది' అని సువనీర్‌లో రాయడం చూశాను. దయచేసి చేయకండి.

'జిల్లా' అనే మాట దగ్గర కూడా ఆగి చూడాలి. మెథడిస్ట్ డిస్ట్రిక్ట్ వేరు, రెవెన్యూ జిల్లా వేరు. రెవెన్యూ జిల్లా కూడా ఒక్కచోట నిలవదు. తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లావి. జహీరాబాద్, నారాయణఖేడ్ బీదర్ జిల్లావి. మా వైపు ఊళ్లు తర్వాత హైదరాబాద్ జిల్లా, 1978 నుంచి రంగారెడ్డి, 2016 అక్టోబరు 11 నుంచి వికారాబాద్. పెళ్లి రిజిస్టరులో 'గుల్బర్గా జిల్లా' అని ఉంటే పెళ్లికూతురు కన్నడ దేశం నుంచి వచ్చిందని అనుకోనక్కర్లేదు, పక్క తాలూకా పిల్లే అయి ఉండొచ్చు.

ఇక్కడికి వచ్చేసరికి ఏ కాగితాన్ని ఎంత నమ్మాలో నాకొక వరస ఏర్పడింది. జమాఖర్చు పుస్తకం అన్నిటికన్నా పైన, ఎందుకంటే అణా తేడా వస్తే అడిగేవాడు ఉన్నాడు. తర్వాత పెళ్లి రిజిస్టరు, అది చట్టానికి జవాబు చెప్పే కాగితం. తర్వాత బాప్తిస్మ రిజిస్టరు. దాని కింద మిషనరీలు దాతలకు రాసిన రిపోర్టులు, అందులో ప్రతి ఏడూ 'గొప్ప ద్వారం తెరుచుకుంది' అనే ఉంటుంది. అన్నిటికన్నా అడుగున జూబిలీ సువనీర్లు.

జమాఖర్చును నమ్మితే కథ కూడా మారింది. సువనీర్లో ఉన్నదంతా దొరలూ పాస్టర్లూ. జమాఖర్చులో నెలనెలా జీతం తీసుకున్న పల్లె టీచరు ఉన్నాడు, పగలు బడి, రాత్రి ప్రార్థన ఆయనే నడిపాడు. బైబిల్ స్త్రీ, అంటే ఇళ్లకు పోయి ఆడవాళ్లకు బైబిల్ చెప్పే ఆమె, ఉంది. ఆమె జీతం ఎదురుగా సంతకం లేదు, ఊదా సిరాలో బొటనవేలి ముద్ర ఉంది. కొన్ని నెలలు ముద్ర స్పష్టంగా గీతలతో సహా పడింది, కొన్ని నెలలు పొలం పని చేసిన వేలు కాబోలు, గీతలే లేకుండా ఒక ముద్దలా పడింది. 1930ల మొదట్లో, అమెరికాలో మాంద్యం వచ్చి మిషన్ డబ్బు తగ్గినప్పుడు, టీచరు జీతం సగానికి దగ్గరగా వచ్చింది. బైబిల్ స్త్రీ వరస కొన్నాళ్లు ఖాళీ. కానీ ఆ ఖాళీ నెలల్లో కూడా చందా వసూలు పేజీలో 'తెచ్చినవారు' అన్న చోట ఆమె పేరే ఉంది.

దశ 5: ఏది అచ్చు వేయాలి, ఏది వద్దు

అన్నిటికన్నా ఎక్కువ కాలం ఈ దశే తీసుకుంది, ఇంకా పూర్తిగా తేలలేదు.

బాప్తిస్మ రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, వాడ, కులం అన్నీ వరసగా ఉంటాయి. మా వైపు సంఘాలు దళిత వాడల్లోంచి వచ్చాయి, ఇందులో దాచేదేమీ లేదు. కానీ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఇంకా అమల్లో ఉంది. అది ఎస్సీ గుర్తింపును మొదట హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మా రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. అంటే తొంభై ఏళ్ల కింద ఎవరి ముత్తాతకో రాసిన ఒక వరసను ఫొటోతో సహా నెట్‌లో పెడితే, ఈ రోజు ఎవరో ఒక కుర్రాడి సర్టిఫికెట్ మీద దాన్ని వాడొచ్చు. నిజంగా వాడతారో లేదో నాకు అనవసరం, ఆ అవకాశం నేను ఇవ్వకూడదు.

అందుకని పేర్లన్నీ తీసేసి ఏడాదివారీ సంఖ్యలే వేద్దామని సంఘ పెద్దల కూటంలో చెప్పాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక పెద్దమ్మ లేచింది.

"మా తాత పేరు తీసేస్తే ఇగ అది ఎవల చరిత్ర బిడ్డా? దొరల పేర్లు ఉంటయి, మావి ఉండయా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆమె చెప్పింది న్యాయం. మిషన్ రిపోర్టుల్లో మా వాళ్లు 'ఇంతమంది' అన్న అంకెగానే ఉన్నారు, మళ్లీ మేము కూడా అంకెలే వేస్తే వాళ్లు చేసిందే చేసినట్టు.

కూటం తర్వాత మార్చుకున్న పద్ధతి:

1. పూర్తి కాపీ ఒకటి, చర్చి బీరువాలో. తాళాలు రెండు, ఇద్దరి దగ్గర. నెట్‌లోకి పోదు.
2. అచ్చు కాపీలో కులం, పాత పేరు ఉన్న వరసలు ఉండవు. రిజిస్టరు పేజీల ఫొటోలు కూడా ఉండవు.
3. ఏ కుటుంబం తమ పెద్దల పేరు కావాలంటే ఆ కుటుంబం కాగితం మీద రాసిస్తేనే పేరు వస్తుంది. కుటుంబంలో ఒకరు వద్దన్నా రాదు.
4. టీచర్లు, బైబిల్ స్త్రీలు, స్టూవర్డులు (సంఘం డబ్బు చూసే పెద్దలు) చేసిన పనితో సహా వస్తారు. వీళ్లకూ మూడో నియమం వర్తిస్తుంది.
5. బతికున్నవాళ్ల తేదీలు ఎక్కడా ఉండవు.

పెద్దమ్మ తన తాత పేరు వేయమని రాసిచ్చింది. ఆమె తమ్ముడి కొడుకు వద్దన్నాడు, ఉద్యోగం టెన్షన్ తనది. మూడో నియమం ప్రకారం పేరు ఆపాము. ఆమె నాతో మాట్లాడటం తగ్గించింది. నియమం మార్చాలా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను గానీ, మార్చే ధైర్యం రావడం లేదు.

దశ 6: గోడ మీది సంవత్సరం, బొందలగడ్డ

చర్చి తలుపు పైన రాతి మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంది. ఏటా క్రిస్మస్‌కు సున్నం వేసి, ఆ అంకెల్ని నల్ల రంగుతో దిద్దుతారు. ఇప్పుడు '1921' అని ఉంది. జమాఖర్చులో సున్నం, గుట్ట రాయి, తాపీ మేస్త్రీ కూలి ఖర్చులు మాత్రం 1926, 1927ల్లో కనిపిస్తున్నాయి. రాతి మీద చివరి అంకె దగ్గర సున్నం పొరలు వెదురు పుల్లతో మెల్లగా లేపితే (ఇనప గరిటె వద్దు, రాయి గీసుకుపోతుంది) పైన అడ్డగీత బయటపడింది. అంటే అది 1 కాదు, 7. దిద్దే పెయింటర్లు ఎవరో ఒక ఏడు అడ్డగీత వదిలేశారు, ఆ తర్వాత వాళ్లు దిద్దిందే దిద్దారు. రాతి మీద సున్నం పొరల మందం కొలిస్తే 4 మిల్లీమీటర్లు ఉంది.

మొదటి బాప్తిస్మాలు కట్టడం కన్నా చాలా ముందువి. అంటే గుడి లేకుండానే సంఘం ఏళ్ల తరబడి నడిచింది. జమాఖర్చులో 'చింతచెట్టు కింద కూటం, దీపం నూనె' అని పదే పదే ఉంది. శతాబ్ది ఉత్సవం గుడి ఏడును బట్టి చేయాలా, మొదటి బాప్తిస్మాన్ని బట్టి చేయాలా అని ఇప్పుడు కమిటీలో రెండు గ్రూపులు. నేను రెండోదాని వైపు.

బొందలగడ్డలో రాళ్లున్న సమాధులు తక్కువ, ఉన్నవి ఎక్కువగా తాండూరు బండవి. ఆ నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, చెక్కిన అక్షరాలు పై పొరతో పాటే ఊడిపోతాయి. ఒక రాయి దగ్గర పై పొర ముక్క కిందే పడి ఉంది, తిరగేస్తే 'ప్రభువునందు' దాకా అక్షరాలు దాని మీదే ఉన్నాయి. ముక్కను కవర్లో పెట్టి, రాయి నంబరు రాసి చర్చిలో దాచాము. సుద్ద రుద్ది చదవద్దు, గంధకం పూసి చదవద్దు. నీళ్లు చిమ్మి, పొద్దున ఎండ పక్కనుంచి పడేటప్పుడు ఫొటో తీస్తే చాలు.

మిగతావన్నీ రాళ్ల కుప్పలు. వాటిని లెక్కపెట్టి భూస్థాపన రిజిస్టరులోని 163తో పోల్చాలని తాళ్లతో 5 మీటర్ల గళ్లు వేయడం మొదలుపెట్టాము. ఉత్తరం వైపు సగం అయింది, 71 కుప్పలు. దక్షిణం వైపు తుమ్మ చెట్లు అడ్డం, 30 మీటర్ల టేపు ఆ వాలులో సరిపోవడం లేదు, తాడు చెట్ల మధ్య వంగిపోయి గళ్లు తప్పుతున్నాయి. 50 మీటర్ల టేపు ఒకటి అడిగి పెట్టాను. వానలు పడి గడ్డి లేస్తే కుప్పలు కనపడవు కాబట్టి ఆ సగం అంతకుముందే కొలవాలి.